వాట్లు చూడకండి, మాట వినండి

మాది గగన్‌పహాడ్. ఆరాంఘర్ చౌరస్తా దాటి శంషాబాద్ వైపు పోతుంటే బెంగళూరు హైవే పక్కన వచ్చే ఊరు. చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు, ముందు పగలూ రాత్రీ తేడా లేకుండా నడిచే లారీలు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఆ రోడ్డు మీద రద్దీ ఇంకా పెరిగింది. ఇంత రొదలో ఇంట్లో కూర్చుని ఒక పాటో, ఒక కథో హాయిగా వినాలంటే ఎలా? ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ సంగతే. కంప్యూటరుకు పెట్టుకునే స్పీకర్లను మన జేబుకు తగ్గట్టు, మన చెవికి నచ్చేట్టు ఎలా ఎంచుకోవాలో చెప్తాను. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి కంపెనీల పేర్లు చెప్పను. పేరుతో పని లేకుండా మంచి స్పీకరును పట్టుకునే గుర్తులు చెప్తాను.

ముందు మా ఇంటి కథ వినండి. మా నాయిన ముప్పై ఏళ్ళు రేకులు కోసే మిషన్ల దగ్గర పనిచేశాడు. ఉద్యోగం నుంచి దిగాక ఆయనకు సాయంత్రం కాలక్షేపం ఒగ్గుకథ. చుక్క సత్తయ్య గారి కథలంటే ప్రాణం. నా పాత కంప్యూటర్‌లో అవి పెట్టిస్తే చాలు, భోజనం మాట కూడా మర్చిపోయేవాడు. ఆయన కోసమే నేను ఒక పెద్ద సెట్టు కొన్నాను. రెండు చిన్న పెట్టెలు, కింద పెట్టుకునే ఒక పెద్ద సబ్‌వూఫర్. దుకాణాల్లో టూ పాయింట్ వన్ అంటారు దాన్ని. అట్ట పెట్టె మీద 5000 వాట్లు అని పెద్ద పెద్ద అంకెలు. షాపులో ఒక పాట పెట్టి చూపిస్తే కాళ్ళ కింద బండలు అదిరాయి. ఇంకేం కావాలి అనుకుని తెచ్చేశాను.

ఇంటికి తెచ్చి కథ పెట్టాను. డోలు మోగింది, కిటికీ రెక్కలు ఊగాయి. నాయిన కొంచెంసేపు విన్నాడు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు. "చప్పుడు మస్తుగుంది బిడ్డా, మాటనే తెలుస్తలేదు" అన్నాడు. వాల్యూమ్ పెంచాను. డోలు ఇంకా పెరిగింది, మాట అక్కడే ఉండిపోయింది.

ఎందుకలా అయిందో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. మన మాటలో అచ్చులూ హల్లులూ ఉంటాయి కదా. పాలు, తాలు, కాలు అనే మూడు మాటలు తీసుకోండి. ఈ మూడింటిలోనూ ఆ, లు అనే భాగం ఒకటే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది. ఆ హల్లు రెప్పపాటు కాలం మాత్రమే వినిపించే చిన్న చప్పుడు. గొంతులోని బలం 100 నుంచి 1000 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు అన్ని కంపనాల మధ్య, అచ్చుల్లో ఎక్కువగా ఉంటుంది. ఒక హల్లును ఇంకో హల్లు నుంచి విడదీసే గుర్తులు 2000 హెర్ట్జ్‌ల నుంచి పైపైకి పోతాయి. ఏళ్ళ తరబడి మిషన్ల రొదలో పనిచేసిన వాళ్ళకు చెవి ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్‌ల చుట్టుపక్కలే. అంటే మా నాయినకు అచ్చులు వినపడుతున్నాయి, హల్లులు జారిపోతున్నాయి. దానికి తోడు, కింది స్థాయి మోత గట్టిగా ఉన్నప్పుడు అది పైనున్న సన్నటి శబ్దాలను కప్పేస్తుంది. ఇది ఏ చెవికైనా జరిగేదే. రోడ్డు మీద లారీ గుర్రుమని పోతున్నప్పుడు ఎదుటి మనిషి మాట అందకపోవడానికి కారణం ఇదే. నేను ఆ లారీ మోతనే ఇంట్లోకి కొనుక్కొచ్చుకున్నానన్నమాట.

ఇక ఆ 5000 వాట్ల సంగతి. ఒకరోజు పెద్ద పెట్టెను వెనక్కి తిప్పి చూశాను. అడుగున చిన్న అక్షరాలతో ఒక చీటీ ఉంది. అది కరెంటు తీసుకునేది 40 వాట్లు. తీసుకునేది 40 అయితే ఇచ్చేది 5000 ఎక్కడి నుంచి వస్తుంది? మన గోడకుండే మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన దాని నుంచి 1400 వాట్లు కూడా రావు. అట్ట పెట్టె మీద ఉన్నది పీఎంపీఓ అనే అంకె. అది లిప్తకాలంలో తగలగల గరిష్ఠ దెబ్బ అని చెప్పుకునే లెక్క. దానికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. మీరు చూడాల్సింది ఆర్ఎంఎస్ అని రాసిన అంకె. ఎడతెగకుండా ఇవ్వగలిగిన శక్తి అది.

అది కూడా రాయకపోతే అడాప్టర్ చూడండి. దాని మీద 12 వోల్టులు, ఒకటిన్నర ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి, 18 వచ్చింది. ఆ స్పీకరు నిలకడగా 18 వాట్లకు మించి ఇవ్వడం జరగని పని. కంప్యూటర్ మామూలు యూఎస్‌బీ సాకెట్టు నుంచి కరెంటు తీసుకునే చిన్న స్పీకర్లయితే 5 వోల్టులు, అర ఆంపియరు. అంటే రెండున్నర వాట్లు.

రెండున్నరేనా అని చిన్నచూపు చూడకండి. మామూలు స్పీకరు ఒక్క వాటు శక్తితో, మీటరు దూరంలో, దాదాపు 85 డెసిబెల్స్ శబ్దం ఇస్తుంది. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటే 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆ స్థాయిలో మాట వినిపించడానికి ఒక వాటులో నూరో వంతు కూడా అక్కర్లేదు. పాటలో ఒక్కసారిగా లేచే తాళం దెబ్బలకూ, డప్పు దెబ్బలకూ మరికొంత కావాలి, నిజమే. అయినా బల్ల మీద రెండు మూడు అడుగుల దూరంలో వినేవాళ్ళకు నాలుగైదు వాట్లు సరిపోతాయి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడే మూడు డెసిబెల్స్. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే పదింతలు వాట్లు కావాలి. అదే స్పీకరును ఆరడుగుల దూరం నుంచి మూడడుగులకు దగ్గరగా జరిపి చూడండి. దాని నుంచి నేరుగా చెవికి చేరే శబ్దం ఆరు డెసిబెల్స్ వరకూ పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇంతలో 2020 అక్టోబరు వచ్చింది. 13వ తేదీ రాత్రి కురిసిన వానకు మా ఊరి అప్ప చెరువు కట్ట తెగింది. హైవే కోసుకుపోయింది. మనుషులు కొట్టుకుపోయారు. ఆ రాత్రి పోయిన ప్రాణాల ముందు ఒక స్పీకరు పెట్టె ఏపాటిది. కానీ నేల మీద పెట్టిన ఆ సబ్‌వూఫర్ నీళ్ళలో నాని పోయింది. చెక్కపొడి అట్టతో చేసిన పెట్టె ఉబ్బి అంచులు విచ్చుకుంది. నాయిన కథలు మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాయి. ఫోనును చెవి దగ్గర పెట్టుకుని వింటున్న ఆయనను చూసి, ఈసారి సరిగ్గా ఎంచుకుందామని గట్టిగా అనుకున్నాను.

ఈసారి ఆయనను వెంటబెట్టుకునే వెళ్ళాను. మన దగ్గర కంప్యూటర్ సామాను అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. ఆంప్లిఫయర్లు, విడి స్పీకర్లు కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. ఎక్కడికి పోయినా షాపువాళ్ళు వాళ్ళ పాటే పెడతారు. ఆ పాట వాళ్ళ సరుకు అదరడానికి ఎంచుకున్న పాట. మన చెవికి తెలిసిన పాటలను మనమే పెన్‌డ్రైవ్‌లోనో ఫోనులోనో తీసుకుపోవాలి. నేను నాలుగు రకాలు తీసుకుపోయాను. ఆ నాలుగూ ఎందుకో చెప్తాను, మీకూ పనికొస్తాయి.

మొదటిది వట్టి మాట. వార్తలో, ఉపన్యాసమో, కథో. సంగీతం లేని మాట పెట్టి, వాల్యూమ్ తగ్గించుకుంటూ రావాలి. ఎంత తగ్గించినా మాట విడివిడిగా తెలుస్తోందా? మగ గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉందా, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఉందా? స, శ పలికినప్పుడు చెవిలో గుచ్చుకుంటోందా? ఈ పరీక్షలో నెగ్గని స్పీకరు ఇంకెందులో నెగ్గినా నాకు అక్కర్లేదు.

రెండోది పాత సినిమా పాట. 1957లో వచ్చిన మాయాబజార్ పాటల వంటిది ఏదైనా, కొత్త వాయిద్యాలు కలపని అసలు రికార్డు. ఆ రోజుల్లో పాటలు మోనోలో, అంటే ఒకే శబ్దమార్గంలో రికార్డు చేసేవాళ్ళు. కాబట్టి రెండు స్పీకర్లలోనూ ఒకటే వినబడుతుంది. మీరు రెండింటికీ సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఘంటసాల గారి గొంతు కుడి నుంచీ రాదు, ఎడమ నుంచీ రాదు. ఖాళీగా ఉన్న నట్టనడుమ నుంచి వస్తుంది, అక్కడ మనిషే ఉన్నట్టు. అలా రాకుండా గొంతు ఒక పక్కకు లాగితే రెండు స్పీకర్లూ ఒక జోడు కాదన్నమాట. గొంతు ఎటూ నిలవక గదంతా పరుచుకుపోయి, కింది స్వరాలు పల్చబడితే, ఒక స్పీకరుకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు అయ్యాయన్నమాట. దాన్ని మార్చి పెడితే సరిపోతుంది.

మూడోది మృదంగం ఉన్న పాట. 1980లో వచ్చిన శంకరాభరణంలో కె.వి. మహదేవన్ గారు కట్టిన పాటలు దీనికి బాగా పనికొస్తాయి. మృదంగానికి కుడి చేతి వైపు గట్టిగా, టంగుమని పలుకుతుంది. ఎడమ వైపు తొప్పి గుమ్మని పలుకుతుంది. మంచి స్పీకరులో ఆ రెండూ ఒకే వాయిద్యం నుంచి వస్తున్నట్టు వినపడాలి. చవక రకం సబ్‌వూఫర్ సెట్లలో గుమ్‌కారం నేల మీది పెట్టెలోంచి, టంకారం బల్ల మీది పెట్టెల్లోంచి వచ్చి మృదంగం రెండు ముక్కలవుతుంది.

నాలుగోది బాస్ గిటార్ నడిచే పాట. 1989లో వచ్చిన గీతాంజలిలో ఇళయరాజా గారి పాటలు వినండి. కింద గిటారు తీగ ఒక్కో స్వరం మారుతూ పైకీ కిందికీ నడుస్తుంది. ఏ స్వరానికా స్వరం వేరుగా తెలిస్తే ఆ స్పీకరు బాస్, అంటే కింది స్వరాలు, మంచివన్నమాట. అన్ని స్వరాలూ ఒకే దమ్‌దమ్‌లా వినిపిస్తే ఆ పెట్టెకు వచ్చింది ఒక్క స్వరమే, పాట ఏదైనా అదే వాయిస్తుంది.

ఈ పరీక్షలకు పది నిమిషాలు పడుతుంది. షాపులో అబ్బాయి మొదట విసుక్కున్నా, నాయిన కళ్ళు మూసుకుని వినడం చూసి తనే ఇంకో జత తెచ్చాడు. "అక్కా, పెద్దాయనకు ఇది వినిపించండి" అని. సబ్‌వూఫర్ లేని చిన్న జత అది. నాయిన ఒక చరణం విన్నాడు. తల ఊపాడు.

ఇప్పుడు డబ్బుల లెక్క. వెయ్యి రూపాయల లోపు యూఎస్‌బీతో నడిచే చిన్న జత వస్తుంది. పిల్లల పాఠాలకు, వార్తలకు, హరికథకు, ఒగ్గుకథకు చాలు. ముందు కదిలే రెండంగుళాల గరాటు, అదే కోన్, 100 హెర్ట్జ్‌ల కిందికి గట్టిగా దిగలేదు, కాబట్టి దాని నుంచి డోలు గుమ్మదనం ఆశించకండి. వెయ్యి నుంచి మూడు వేల మధ్యనే మనసు ఊగిసలాడుతుంది. అదే డబ్బుకు రెండు పెట్టెలు వస్తాయి, మూడు పెట్టెలూ వస్తాయి. మీరు ఎక్కువగా వినేది పాత పాటలు, శాస్త్రీయ సంగీతం, మాట అయితే రెండు పెట్టెలే తీసుకోండి. ఆ డబ్బు రెండింటి మీదే ఖర్చవుతుంది, నాణ్యత దక్కుతుంది. నాటు నాటు లాంటి పాటలు, సినిమాలు, ఆటలు మీకు ముఖ్యమైతే మూడు పెట్టెల సెట్టు తీసుకోవచ్చు. దానికి బాస్ పెంచే తగ్గించే నాబ్ విడిగా ఉండి తీరాలి. ఎనిమిది, పది వేలు పెట్టగలిగితే చెక్క పెట్టెల్లో కింది స్వరాలకు నాలుగంగుళాల వూఫరు, పై స్వరాలకు విడిగా ట్వీటరు ఉన్న జత వస్తుంది. అన్ని రకాల పాటలకూ అది తగినది. జాగ్రత్తగా వాడితే పదేళ్ళు ఉంటుంది. ఐదు పెట్టెలు, ఒక సబ్‌వూఫర్ కలిసిన ఫైవ్ పాయింట్ వన్ మాత్రం పదికి పన్నెండు అడుగుల గదికి తేకండి. వెనక రెండు పెట్టెలు పెట్టడానికి చోటు కూడా దొరకదు.

పాతవి కొనుక్కునేవాళ్ళకు ఒక మాట. ముందు కోన్ అంచున ఉండే ఫోమ్ వేలితో తాకి చూడండి, పొడిలా రాలితే మార్పించాల్సిందే. తర్వాత రెండు బొటనవేళ్ళతో కోన్‌ను అటూ ఇటూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. చెవి దగ్గర పెట్టి వినండి. గరగర అంటే లోపల కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది. అది వదిలేయండి. స్పీకరు లోపలి ఈ ఏర్పాటు రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు 1925లో ప్రకటించినది. అయస్కాంతం మధ్య ఊగే తీగచుట్ట, దానికి అతికిన కోన్. నూరేళ్ళయినా మన స్పీకర్లలో ఎక్కువ వాటి లోపల అదే ఉంది. కాబట్టి మంచి పాత స్పీకరు ఎప్పుడూ పాతబడిపోదు.

కొని తెచ్చాక సగం పని మిగిలే ఉంటుంది. ఆ సగం గది చేస్తుంది. మన ఇళ్ళలో గదులు సిమెంటు స్లాబు, బండల నేల, ఉత్త గోడలు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ట్రింగుమని తిరిగి వినిపిస్తే మాట కూడా అలాగే చెదిరిపోతుంది. కిటికీకి మందపాటి పరదా వేయండి, ఎదురు గోడకు బట్టల అలమర జరపండి, నేల మీద చాప పరవండి. పదికి పన్నెండు అడుగుల గదిలో 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర గాలి తనంతట తనే మోగుతుంది, గది కొలతల వల్ల. మూలకు పెట్టిన సబ్‌వూఫర్ ఆ మోతను ఇంకా ఎగదోస్తుంది. మూల నుంచి ఇవతలికి లాగండి, గోడ నుంచి కనీసం ఒక జానెడు. నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి. మా ఊరివాళ్ళకు పీట ఎందుకో నేను చెప్పనక్కర్లేదు.

బల్ల మీది జతను మీకూ వాటికీ మధ్య దూరం ఎంతో, వాటి మధ్య దూరం అంతే ఉండేట్టు పెట్టండి. ముక్కోణం కుదరాలి. ముఖాలు మీ వైపు తిరగాలి. చిన్న స్పీకర్లు బల్ల మీద ఆనితే శబ్దం మీ ఛాతీకి తగిలి పోతుంది, చెవికి రాదు. ముందువైపు అడుగున రెండు రబ్బరు ముక్కలు పెట్టండి, పిల్లలు పెన్సిలు తుడుచుకునేవి. స్పీకరు తల పైకెత్తి చెవిని చూస్తుంది. మా ఇంట్లో ఈ నాలుగు రబ్బరు ముక్కలు చేసిన మేలు 5000 వాట్లు చేయలేదు.

పాట లేకపోయినా స్పీకర్లో సన్నగా మ్ అని మోత వస్తే, అది 50 హెర్ట్జ్‌ల కరెంటు మోత కావచ్చు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగితే స్పీకరు చెడిపోలేదు, రెండు ప్లగ్గుల ఎర్తింగుల మధ్య తేడా ఉంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, చాలాసార్లు అక్కడితో తగ్గుతుంది. ఎర్తు పిన్ను మాత్రం ఎప్పుడూ విరగ్గొట్టకండి. అది ప్రాణరక్షణ.

చివరిగా పక్కింటివాళ్ళ మాట. మా దగ్గర ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లు, ఒక్కో పోర్షన్‌లో ఒక్కో షిఫ్టు మనిషి. రాత్రి పనిచేసి వచ్చినవాడు పగలు పడుకుంటాడు. మాట గోడ దగ్గర ఆగిపోవచ్చు, బాస్ ఆగదు, గోడలో నుంచి పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. మన చెవులకూ హద్దు ఉంది. 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల దాకా వినడం పెద్దవాళ్ళకు క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి. ఫ్యాక్టరీలో పోగొట్టుకున్న చెవిని ఏ స్పీకరూ తిరిగి తేలేదు. ఉన్న చెవిని కాపాడుకోవడం మన చేతిలో ఉంది. తక్కువ శబ్దంలో స్పష్టంగా పలికే స్పీకరును నేను ఇంతగా వెనకేసుకురావడం అందుకే.

నిన్న సాయంత్రం నాయిన కథ వింటున్నాడు. వాల్యూమ్ నాబ్ సగానికి కూడా రాలేదు. కథకుడు ఒక్క ఊపిరిలో పరుగెత్తి చెప్పే చోటు వచ్చింది. సరిగ్గా అప్పుడే హైవే మీద ఒక పెద్ద లారీ గేరు మార్చుకుంటూ పోయింది. పాత సెట్టు ఉన్న రోజుల్లో అయితే ఆయన చెయ్యి వాల్యూమ్ మీదికి పోయేది. ఈసారి చెయ్యి ఒళ్ళోనే ఉంది. పెదవులు కథకుడితో పాటు కదులుతున్నాయి, ఒక్క మాట తప్పకుండా.

మీరు స్పీకర్లు కొనడానికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఎవరు వింటారో వాళ్ళను వెంట తీసుకెళ్ళండి. వాళ్ళకిష్టమైన పాట తీసుకెళ్ళండి. వాల్యూమ్ తగ్గించి వినిపించండి. వాళ్ళ ముఖం చూడండి.